డెల్మార్ కుబిక్ పందొమ్మిది ఓటములు

సిగరెట్ మానలేకపోవడంలో డెల్మార్ కుబిక్‌ని మించినవాడు షికాగో నగరంలో లేడు. మానలేనివాళ్ళు చాలామందే ఉన్నారు. నేనూ ఓసారి మానలేకపోయాను. కానీ మేమంతా ఇంట్లో తలుపేసుకుని మానలేకపోయినవాళ్ళం. డెల్మార్ అలా కాదు. తొమ్మిదేళ్ళపాటు, ఏడాదికి రెండుసార్లు, పదిమంది చూస్తుండగా కుర్చీలోంచి లేచి, గొంతు సవరించుకుని, పెళ్ళిపందిట్లో వియ్యంకుడు పద్యం అందుకున్నంత దర్జాగా మానలేకపోయాడు.

ఆ పదిమందీ మంగళవారం సాయంత్రం ఆరింటికి క్లార్క్ వీధిలో ఓ చర్చి నేలమాళిగలో చేరేవాళ్ళు. మగవాళ్ళని ప్రేమించే మగవాళ్ళు, ఆడవాళ్ళని ప్రేమించే ఆడవాళ్ళు, పుట్టినప్పుడు ఎవరో రాసిన ఆడ, మగ అన్న మాటని పెద్దయ్యాక సొంతంగా దిద్దుకున్నవాళ్ళు. అందరికీ ఉమ్మడిగా ఉన్నది దగ్గు. సంఘం పేరు 'ఇక చాల్లే, అమ్మడూ'. ఎనిమిది వారాల తరగతి. మూడో మంగళవారం సిగరెట్ మానాలి. నాలుగో మంగళవారం వచ్చి, మానారో లేదో చెప్పాలి.

నడిపేది విల్లా టిబ్స్. సైన్యంలో ఇరవయ్యేళ్ళు నర్సుగా చేసిన మనిషి. తను ప్రేమించేది ఆడవాళ్ళనని తెలిస్తే ఉద్యోగం పోయే చోట ఇరవయ్యేళ్ళు నోరు కుట్టేసుకుని ఉండి, ఇంటికొచ్చిన రోజున ఇక జన్మలో ఒక్క అబద్ధం కూడా ఆడనని ఒట్టేసుకుంది. కేకు బాలేకపోతే బాలేదని పుట్టినరోజు పిల్లకే చెప్తుంది.

డెల్మార్ నగరపాలక సంస్థలో ముప్పై రెండేళ్ళు మంచు తోసే లారీ నడిపి రిటైరయ్యాడు. అరవై ఎనిమిదేళ్ళు. ఫ్రిజ్‌కి ఉన్ని టోపీ పెడితే ఎలా ఉంటుందో అలా ఉంటాడు. ఎవర్నీ అసలు పేరుతో పిలవడు. విల్లా సార్జంటమ్మ. వారపత్రికలో పనిచేస్తాను కనక నేను పేపరమ్మ.

అసలు ఈ సంఘం పుట్టిందే అతని వల్ల. అంతకుముందు డెల్మార్ ఒక ఆస్పత్రిలో జరిగే మామూలు తరగతికి వెళ్ళాడు. మొదటి రోజే పాఠం చెప్పే ఆవిడ ఒక్కొక్కర్నీ అడుగుతూ వచ్చిందిట. "మీరు సిగరెట్ తాగడం మీ ఆవిడకి ఇష్టమేనా?"

"మా ఆవిడ పేరు స్టాన్లీ అండి. ఆరడుగుల రెండంగుళాలు. మీసం ఉంది. నాకంటే ఎక్కువ తాగుతుంది."

పక్కనున్నాయన కుర్చీ జరుపుకున్నాడు. పాఠం చెప్పే ఆవిడ ఎర్రబడి, "ఇక్కడ సొంత విషయాలు వద్దండి" అంది.

"అడిగింది మీరే కదండీ" అన్నాడు డెల్మార్. అని, టోపీ పెట్టుకుని బయటికొచ్చి ఆస్పత్రి మెట్లమీద ఒకటికి రెండు ముట్టించాడు. "ఒకటి నాకు, ఒకటి ఆ కుర్చీ జరుపుకున్నాయన పేరున" అని చెప్పేవాడు. ఆ సంగతి విన్న మర్నాడే విల్లా చర్చివాళ్ళ దగ్గరికెళ్ళి నేలమాళిగ తాళంచెవి పుచ్చుకుంది.

మా తరగతిలో పాఠాలు వేరు. సిగరెట్‌కి విడాకుల ఉత్తరం రాయమనేది విల్లా. పెళ్ళి చేసుకునే హక్కే ఇంకా లేని మాకు విడాకుల హక్కు ముందొచ్చిందని నవ్వుకుంటూ రాసేవాళ్ళం. సిగరెట్ లేకుండా బార్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నేర్పేది. ఇది చిన్న సంగతి కాదు. మాలో పెద్దవాళ్ళు కుర్రతనంలో ఎవరినైనా పలకరించాలంటే "నిప్పుందా?" అని అడగడం తప్ప వేరే దారి లేదు. అవతలివాడు పోలీసైతే నిప్పు అడిగానంతే అనొచ్చు. కాకపోతే కాపురందాకా వెళ్ళొచ్చు. డెల్మార్‌కి స్టాన్లీ దొరికింది అలాగే. అందుకని విల్లా మమ్మల్ని ఇద్దరిద్దర్ని నిలబెట్టి, నిప్పు అడగకుండా పలకరించడం సాధన చేయించేది. అరవయ్యేళ్ళవాళ్ళు చెమటలు పట్టి, "మీరు... ఈ మధ్య... మంచు బాగా కురుస్తోంది కదూ" అనేవాళ్ళు.

ఇవన్నీ డెల్మార్‌కి కంఠతా వచ్చు. తొమ్మిదేళ్ళుగా ప్రతి తరగతిలోనూ చేరుతున్నాడు మరి.

నాలుగో మంగళవారం తంతు ఎప్పుడూ ఒకటే. విల్లా కాఫీ కప్పు కింద పెట్టి, "ఎవరు మొదలుపెడతారు?" అంటుంది. అందరూ బూట్లు చూసుకుంటారు. బాయిలర్ గుర్రుమంటూ ఉంటుంది. విల్లా రెండోసారి అడిగేలోపు డెల్మార్ చెయ్యి లేస్తుంది.

"సార్జంటమ్మా, తాగాను."

"ఎన్ని?"

"లెక్కపెట్టే స్థితిలో లేను."

"ఎందుకు తాగావు?"

అతనికి కావలసింది ఈ ప్రశ్నే. ఒకసారి మేనత్త కొడుకు అంత్యక్రియల్లో ఎనభై నాలుగేళ్ళ సన్యాసినమ్మ సిస్టర్ కునెగుండ తన జేబులోంచి పెట్టె తీసి ఇచ్చిందిట. "దేవుడి మనిషి ఇస్తే వద్దంటానా? నేను కాథలిక్‌ని." ఇంకోసారి ఎవరి పెళ్ళిలోనో అకార్డియన్ వాయించేవాడికి రెండు చేతులూ ఖాళీ లేక, "కాస్త ఈ సిగరెట్ పట్టుకో బాబాయ్" అన్నాడు. "పట్టుకున్నాను. నా చేతిలో బీరు గ్లాసు. ఇక మిగిలింది నోరే." బేస్‌బాల్ జట్టు ఓడిందని ఒక వసంతంలో తాగాడు. గెలిచిందని మరో శరత్కాలంలో తాగాడు. ఆ గెలుపు తట్టుకోవడమే కష్టమైందన్నాడు.

అన్నిటికంటే పేరుపడ్డది పక్కింటి చిలక. ఆ చిలక యజమాని ఎప్పుడో పోయాడుట. చిలక మాత్రం పొద్దున్నే ఆయన దగ్గు దగ్గుతుంది, అచ్చం సిగరెట్ తాగేవాడిలాగే. "పాపం, ఆ దగ్గు విని ఆయన బతికున్నాడనుకుని తోడుగా ఒకటి ముట్టించాను" అన్నాడు డెల్మార్.

"నువ్వు ముట్టించేటప్పటికి ఆయన లేడని తెలుసు కదా, కుబిక్?" అంది విల్లా.

"తెలుసు. చిలకకి తెలీదుగా."

ఈసారి ఏ కారణం చెప్తాడా అని జనం పందేలు కాసేవాళ్ళు. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకి పిరోగీలు, అంటే బంగాళాదుంప కూరిన పోలండు కజ్జికాయలు, చేసి పెట్టాలి. అందరం కడుపుబ్బ నవ్వాక, మా ఆచారం ప్రకారం ఒక్క గొంతుతో "రేపటినుంచి" అనేవాళ్ళం. మళ్ళీ తాగినవాళ్ళకి మా దగ్గర వేరే శిక్ష లేదు. డెల్మార్ వినయంగా టోపీ తీసి, "రేపటినుంచే" అని కూర్చునేవాడు.

డెల్మార్‌ని చూసి జాలిపడటం మాకందరికీ మంచి అలవాటయింది. నేను మొదటిసారి చేరినప్పుడు మూడో రోజే ఆఫీసు మెట్లకింద ఏడు సిగరెట్లు తాగాను. నాలుగో మంగళవారం చెప్పడానికి ఒక చక్కటి అబద్ధం ముస్తాబు చేసుకుని వెళ్ళాను. సన్యాసినమ్మ కథ విని నవ్వుతున్న నోట్లోంచి ఆ అబద్ధానికి బదులు నిజం ఊడిపడింది. రెండోసారి చేరినప్పుడు మానేశాను, ఆ తర్వాత విల్లాకి సాయంగా వస్తూ ఉండిపోయాను. నాకంటే చేతకానివాడు ఒకడున్నాడన్న ధైర్యం చాలా గట్టి ధైర్యం.

స్టాన్లీ సంగతి వేరు. రెండో తరగతిలో చేరి ఒక్క దెబ్బకి మానేశాడు. డెల్మార్ గురించి ఎప్పుడడిగినా, "ఏం చేస్తాం, ఖర్మ" అని కళ్ళు తుడుచుకునేవాడు. పాపం, ఎంత బాధపడుతున్నాడో అనుకునేవాళ్ళం.

ఇలా సాగుతుండగా, పందొమ్మిదో తరగతి మొదలయ్యే ముందు, మాకు డబ్బిచ్చే ఆరోగ్య బోర్డు నుంచి ఉత్తరం వచ్చింది. మొదటినుంచి చేరినవాళ్ళ మొత్తంలో సగంమందైనా మానితేనే ఏ తరగతైనా నడుస్తుందిట. లేకపోతే మమ్మల్ని ఆస్పత్రి తరగతిలో కలిపేస్తారుట. పొగ అందరికీ ఒకటే కాబట్టి, వేరే గది, వేరే పాఠం అనవసరమట. ఐదో మంగళవారం బోర్డు మనిషి ఊపిరిలో పొగ ఎంతుందో కొలిచే యంత్రంతో వస్తాడుట.

విల్లా రిజిస్టర్ తెరిచింది. పద్దెనిమిది తరగతులు, నూట ఎనభైమంది. మానినవాళ్ళు ఎనభై ఎనిమిది. సగానికి రెండు తక్కువ. ఆ రెండూ ఎవరి దగ్గరున్నాయో విల్లాకీ నాకూ తెలుసు.

"ఒకే మనిషిని పద్దెనిమిదిసార్లు ఎలా లెక్కేస్తారు? ఒక్కసారి ఉంచి మిగతావి కొట్టెయ్" అన్నాను.

"కొట్టెయ్యను. పద్దెనిమిదిసార్లు వచ్చాడు, పద్దెనిమిదిసార్లు ఓడాడు. నా చేత్తో రాశాను."

"అయితే సంఘం మూతపడుతుంది."

"మూతపడనీ. అబద్ధం రాసి తెరిచి ఉంచను."

ఇద్దరం డెల్మార్ ఇంటికి వెళ్ళాం. స్టాన్లీ వంటింట్లో పిరోగీలు వేయిస్తున్నాడు. సంగతంతా చెప్పి, "ఈసారి పదిమందిలో ఏడుగురు మానితే గట్టెక్కుతాం. నువ్వు చేరకుండా ఉంటే చాలు" అన్నాను.

"చేరతాను" అన్నాడు డెల్మార్.

"డెల్మార్, నువ్వు వచ్చావంటే ఒక ఓటమి ఖాయం."

"తలుపు వేస్తే కిటికీలోంచి వస్తా. నేలమాళిగ కిటికీ చిన్నది, ఇరుక్కుంటా. మీరే అగ్నిమాపకవాళ్ళని పిలవాలి."

విల్లా బల్లమీద చెయ్యేసింది. "సరే, చేరు. కానీ ఈ ఒక్కసారి తాగకు, కుబిక్. నేను ఇంతవరకు నిన్ను ఏమీ అడగలేదు."

డెల్మార్ టోపీ తీసి లోపలికి చూశాడు, సమాధానం అందులో ఉన్నట్టు. "అలాగే, సార్జంటమ్మా. ఈసారి తాగలేదనే చెప్తాను."

పొయ్యి దగ్గర స్టాన్లీకి ఏదో పొలమారి, గరిటె కింద పెట్టి వరండాలోకి వెళ్ళిపోయాడు.

ఆ తరగతిలో జొవీటా అని ఇరవై రెండేళ్ళ పిల్ల చేరింది. బేకరీలో పని. కన్నవాళ్ళు పెట్టిన మగపేరునీ వాళ్ళ ఇంటినీ ఒకే రోజున వదిలేసి వచ్చింది. సిగరెట్ మొదలుపెట్టింది కూడా ఆ రోజే. మానితే తప్ప తనకి కావలసిన ఆపరేషన్ చెయ్యనని డాక్టరు చెప్పాడు. ఎవరితోనూ మాట్లాడేది కాదు, తలుపు పక్క కుర్చీలో కోటు విప్పకుండా కూర్చునేది. డెల్మార్‌ని మాత్రం తాతా అనేది.

నాలుగో మంగళవారం వచ్చింది. విల్లా కప్పు కింద పెట్టి, "ఎవరు మొదలుపెడతారు?" అంది. బూట్లు. బాయిలర్. నేను డెల్మార్ వంక కళ్ళురిమి చూస్తున్నాను. పాపం, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటిమీద కూర్చున్నాడు.

"నేను చెప్తాను" అన్నాడు మూలనున్న ఒకాయన. "ముట్టలేదు."

"నేనూ ముట్టలేదు" అంది ఆయన పక్కావిడ. ఆ పక్కనున్నాయన కూడా ముట్టలేదన్నాడు. మరో రెండు కుర్చీలు దాటితే జొవీటా వంతు. ఆ పిల్ల మెల్లిగా కోటు గుండీలు పెట్టుకుని కుర్చీ అంచుకి జరిగింది.

తొడల కిందనుంచి చెయ్యి బయటికొచ్చింది.

"సార్జంటమ్మా, తాగాను."

విల్లా పెన్ను కింద పడేసింది. "కుబిక్."

"ఏం చెయ్యను. స్టాన్లీ పుట్టినరోజు కేకుమీద కొవ్వొత్తులు ముట్టించాను. అగ్గిపుల్ల ఇంకా మండుతోంది. వృథా ఎందుకని."

ఎవరూ నవ్వలేదు. సంఘం గతి అందరికీ తెలుసు. విల్లా లేచి నిలబడింది. "తొమ్మిదేళ్ళుగా నీ కథలు భరించాను. ఒక్క వారం అడిగాను. ఇక్కడ కూర్చున్న వాళ్ళంతా ఎక్కడికెళ్తారు? ఆ ఆస్పత్రికా? నువ్వు వెళ్ళావు కదా, మొదటి రోజే పారిపోయి వచ్చావు కదా?"

డెల్మార్ తల వంచుకున్నాడు. అప్పుడు తలుపు పక్కనుంచి సన్నటి గొంతు వినిపించింది. "ఆయన్నొక్కణ్ణే అనకండి. నేనూ తాగాను. రెండు. బేకరీ వెనక."

అంటూనే జొవీటా కోటు గుండీలు విప్పేసింది. ఇందాక ముట్టలేదన్న మూలనాయన దగ్గి, తనవి ఐదన్నాడు. తర్వాత ఇంకో ఇద్దరు. విల్లా నిలబడే రాసుకుంది. "రేపటినుంచి" అని అందరం అన్నాం గానీ, వచ్చే మంగళవారానికి అది సరిపోతుందన్న నమ్మకం ఎవరికీ లేదు.

ఐదో మంగళవారం బోర్డు మనిషి హాల్వర్‌సన్ వచ్చాడు. ముప్పై దాటని కుర్రాడు, నున్నటి టై. స్టాన్లీ కూడా పళ్ళెం నిండా పిరోగీలతో వచ్చి వెనక నిలబడ్డాడు. చివరి భోజనం అవుతుందేమోనని.

"మీమీద నాకేమీ కోపం లేదు. పొగ అందరికీ ఒకటే. మీకు వేరే తరగతి ఎందుకో కాగితం మీద కనిపించడం లేదు" అన్నాడు హాల్వర్‌సన్.

జవాబు చెప్పింది డెల్మార్. అతని కథలన్నీ విన్న నేను, అతనికి కోపం రావడం చూడటం అదే మొదటిసారి.

"నాయనా, మొన్న జూన్‌లో మావాళ్ళంతా కలిసి ఏటా చేసే ఊరేగింపుకి వచ్చావా? రాలేదు కదూ. సిగరెట్ కంపెనీవాళ్ళు వచ్చారు. మా బార్లలో మాకు లైటర్లు ఉచితంగా పంచారు. మా పత్రికల్లో మా జంటల్లాంటి జంటల బొమ్మలు గీయించి ప్రకటనలు వేశారు. మేం వేరే మనుషులమని, మాకు పలకరింపు కరువని, పలకరిస్తే కరిగిపోతామని వాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు. చంపేవాడు మా గుమ్మం వెతుక్కుంటూ వస్తున్నాడు. కాపాడేవాడు మాత్రం అందరితోపాటు వరసలో నిలబడమంటాడు. మేం నిలబడం. మీరు తాళం వేస్తే చర్చి మెట్లమీద పెట్టుకుంటాం తరగతి. నేను ముప్పై రెండేళ్ళు మంచులో పనిచేశాను, నాకు చలెయ్యదు."

"మాకు వేస్తుంది" అన్నాడు మూలనాయన. "అయినా వస్తాం."

హాల్వర్‌సన్ టై సర్దుకుని యంత్రం తీశాడు. ఆరులోపు వస్తే మానినట్టు. ఒక్కొక్కరూ ఊదారు. జొవీటాకి మూడు వచ్చింది. నమ్మలేక మళ్ళీ ఊదింది, మళ్ళీ మూడే. మూలనాయనకి రెండు. ముగ్గురికి మాత్రం పది దాటింది. లెక్క చూస్తే ఆరుగురు. ఒక్కటి తక్కువ. మిగిలింది డెల్మార్.

"నేను ఊదను" అన్నాడు డెల్మార్.

"ఊదాలండి."

"తాగానని చెప్పాను కదా. ఇప్పుడే బయట మెట్లమీద కూడా ఒకటి లాగించి వచ్చాను. ఓటమి రాసుకో."

హాల్వర్‌సన్ కాగితం మీద పెన్ను పెట్టాడు. విల్లా రిజిస్టర్ మూసేసింది. ఆ చప్పుడుకి డెల్మార్ ఉలిక్కిపడ్డాడు. పది దాటిన ముగ్గురి వంక చూశాడు, జొవీటా వంక చూశాడు, తాళంచెవి వేలాడుతున్న మేకు వంక చూశాడు.

"ఊదు తాతా" అంది జొవీటా. "మహా అయితే ఏమవుతుంది?"

డెల్మార్ టోపీ తీసి ఊదాడు. ఒకటి వచ్చింది.

"యంత్రం పాడైనట్టుంది" అన్నాడు హాల్వర్‌సన్. మళ్ళీ ఊదించాడు. ఒకటి. బాటరీ మార్చాడు. ఒకటి. "కచ్చితంగా పాడైంది" అని, చూపించడానికి తనే ఊదాడు. పదిహేడు.

నేలమాళిగ అంతా ఆ అంకె వంక చూసింది.

"కారులో" అన్నాడు హాల్వర్‌సన్ చాలా మెల్లిగా. "ఒక్కటే. దార్లో."

"యంత్రం బాగానే ఉంది" అంది విల్లా. "కుబిక్, ఇప్పుడే మెట్లమీద తాగినవాడికి ఒకటి రాదు. నువ్వు ఎప్పుడు మానేశావు?"

వెనకనుంచి స్టాన్లీ పళ్ళెం కింద పెట్టాడు. "చెప్పెయ్ డెల్. తొమ్మిదేళ్ళుగా నవ్వు ఆపుకోలేక చస్తున్నాను."

చెప్పాడు. పందొమ్మిది ఓటముల్లో మొదటిదొక్కటే నిజం. మొదటి తరగతిలో ల్యూషన్ అని ఒక కుర్రాడు ఉండేవాడు. నాలుగో మంగళవారం వాడొక్కడే లేచి తాగానని చెప్పాడు. ఆ వారం డెల్మార్ కూడా తాగాడు. అందరూ తాగారు. అయినా ఒక్కొక్కరూ ముట్టలేదని చెప్పుకుంటూ పోయారు. డెల్మార్ కూడా చెప్పాడు. ల్యూషన్ కోటు వేసుకుని వెళ్ళిపోయి, మళ్ళీ రాలేదు.

"మర్నాడు వాడికి ఫోన్ చేసి ఒప్పుకున్నాను. 'మంచిది' అని పెట్టేశాడు. ఇప్పుడు మిల్వాకీలో పూలు అమ్ముతున్నాడు. క్రిస్మస్‌కి కార్డు పంపుతాడు. దానికి సిగరెట్ వాసన." డెల్మార్ టోపీ నలిపాడు. "పై మంగళవారం సార్జంటమ్మకి చెప్పి ఓటమి రాయించుకున్నాను. ఆ వారమే మానేశాను, నామీద నాకే ఒళ్ళు మండి. కానీ మొదట లేచేవాడు ఒకడుండాలి కదా. నాకెలాగూ సిగ్గు లేదు. అందుకని ఆ పని నేను తీసుకున్నాను."

జొవీటా లేచింది. ముఖం ఎర్రగా ఉంది. "అయితే ఆ చిలక కథ? మొదటి రోజు నాకు చెప్పావు కదా. అది అబద్ధమా?"

"చిలక నిజమే. సిగరెట్టే అబద్ధం."

"నిన్ను చూసి జాలేసి ఇంటికెళ్ళి ఏడ్చాను, తాతా."

"మరి, వెనక్కి వచ్చావు కదా."

నమలడానికి బల్లమీద పెట్టిన దాల్చినచెక్క ముక్క తీసి అతని మీదికి విసిరింది. అది టోపీకి తగిలింది. ఇంకోటి విసిరింది. పక్కనున్నాయన తనకీ ఒకటి ఇమ్మన్నాడు. కాసేపట్లో గదిలో ఉన్నవాళ్ళంతా తొమ్మిదేళ్ళ జాలిని దాల్చినచెక్క ముక్కలుగా వసూలు చేసుకున్నారు. హాల్వర్‌సన్ ఒక మూల కూర్చుని పిరోగీ తింటూ, ఎవరూ అడక్కుండానే కాగితంలో ఆరు కొట్టేసి ఏడు రాశాడు.

సంఘం నిలబడింది. పాత పదిహేడు అబద్ధపు ఓటములూ దిద్దుకోవడానికి బోర్డు ఒప్పుకుంటుందని హాల్వర్‌సన్ అన్నాడు. డెల్మార్ ఒప్పుకోలేదు. "అవి నేను కష్టపడి ఓడినవి. ముట్టుకుంటే ఊరుకోను." విల్లా మాత్రం అతనితో నెలరోజులు మాట్లాడలేదు. తొమ్మిదేళ్ళు తన రిజిస్టర్లో అబద్ధం రాయించాడని.

వసంతంలో ఇరవయ్యో తరగతి మొదలైంది. డెల్మార్ వచ్చాడు గానీ, కాఫీ పోయడానికే. అతని సంగతి వీధి వీధంతా తెలిసిపోయింది. ఇక ఏ సన్యాసినమ్మా అతన్ని ఓడించలేదు. కొత్తవాళ్ళలో గారెట్ అని బస్సులు బాగుచేసే మెకానిక్ ఒకడు. తోలు చొక్కా, తలుపంత మనిషి. నాలుగో మంగళవారం వచ్చి, తలుపు పక్క కుర్చీలో కూర్చుని, బూట్లకేసి చూస్తున్నాడు. బూట్లు శుభ్రంగానే ఉన్నాయి.

"ఎవరు మొదలుపెడతారు?" అంది విల్లా.

ఎవరూ లేవలేదు. డెల్మార్ కాఫీ కూజా పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాడు. విల్లా రెండోసారి అడగలేదు. గారెట్ చెయ్యి కుర్చీ వీపుమీదున్న కోటు మీద పడింది.

"నేను మొదలుపెడతాను" అంది విల్లా. "నేను తాగాను."

కూజాలోంచి కాఫీ నేలమీద ఒలికింది. విల్లా టిబ్స్ పుట్టి బుద్ధెరిగాక సిగరెట్ నోట పెట్టలేదు. ఆ గదిలో సగంమందికి ఆ సంగతి తెలుసు.

"మీరా?" అన్నాడు గారెట్. "ఏ రకం?"

విల్లా చాలాసేపు ఆలోచించింది. "తెల్లది."

"ఫిల్టర్ ఉన్నదా, లేనిదా?"

"అది... మొదట ఉంది. ముట్టించాక కాలిపోయింది."

గారెట్ నోరు తెరిచి చూశాడు. ఏ చివర ముట్టించిందో అర్థమయ్యాక మొదలైన నవ్వు దగ్గులోకి దిగి, దగ్గు మళ్ళీ నవ్వులోకి ఎక్కింది. పక్కవాళ్ళు వీపు తట్టారు. కళ్ళు తుడుచుకుని, కోటు వదిలేసి అన్నాడు. "నేను పెట్టెకి పెట్టె ఊదేశానండీ. నిన్న."

విల్లా రిజిస్టర్లో ముందు తన పేరు రాసుకుంది. దాని కింద అతని పేరు రాసింది.

డెల్మార్ నా చెవి దగ్గరికి వంగాడు. "పేపరమ్మా, సార్జంటమ్మకి అబద్ధం బొత్తిగా చేతకాదు. ఒకసారి మా ఇంటికి తీసుకురా, నేర్పిస్తాను."

"కుబిక్" అంది విల్లా తలెత్తకుండా. "మాట్లాడకు. నేనింకా బాధలో ఉన్నాను."